నయం కాకముందే కృతజ్ఞత కూడిక

సుగుణను "ఎలా ఉన్నారు?" అని అడిగి "బాగాలేదు" అన్న జవాబు విన్న మనిషి గోపన్‌పల్లిలో ఇంకా పుట్టలేదు. లిఫ్టు ఆగిపోయి మెట్లెక్కుతూ ఆయాసపడుతున్నా, నీళ్ల ట్యాంకరు రాక కుళాయిలు బుసకొడుతున్నా, ఆఫీసు బస్సు నల్లగండ్ల దగ్గర ఇరుక్కుని మొండికేసినా ఆవిడ నోట వచ్చేది ఒక్కటే మాట. "దేవుని కృప వల్ల బాగున్నామండి." ఈ మాట ఆవిడకు బాపట్ల దగ్గరి పుట్టింట్లో ఉగ్గుపాలతో అబ్బింది. పొయ్యిలో పిల్లి లేవని రోజున కూడా వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లతో నవ్వుతూ ఇదే మాట అనేదట. ఇందులో సగం నమ్మకం, సగం అలవాటు. ఏ సగం ఎక్కడ మొదలవుతుందో సుగుణకే తెలియదు.

ఆవిడ పనిచేసే చోట ఈ మాటకు గిరాకీ ఎక్కువ. హైటెక్ సిటీలో ఓ పెద్ద ఐటీ ఆఫీసులో, కింది అంతస్తులో మెడికల్ రూమ్ ఉంది. అందులో నర్సు సుగుణ. తలనొప్పి అని అక్కడికి వచ్చే పిల్లల్లో సగం మందికి ఉండేది తలనొప్పి కాదు. మేనేజరు అందరి ముందూ కడిగేశాడనో, ప్రాజెక్టు చేజారిందనో, ప్రేమించిన పిల్ల ఫోను ఎత్తడం లేదనో వస్తారు. సుగుణ వాళ్లకో మాత్ర ఇచ్చి, కాసేపు పడుకోబెట్టి, "ఏం కాదు నాన్నా, అంతా సర్దుకుంటుంది" అని వీపు తట్టి పంపుతుంది. వాళ్లు నిజంగానే తేలికపడి వెళ్తారు. సంతోషంగా ఉండండి, ఒత్తిడి తగ్గించుకోండి అని ఆఫీసువాళ్లు పోస్టరు వేయించినప్పుడు, అందులో ఎవరి బొమ్మ పెట్టాలన్న చర్చే రాలేదు. ఇప్పటికీ ఆ పోస్టరులో సుగుణ సిస్టర్ బొటనవేలు పైకెత్తి, లిఫ్టు కోసం నిలబడ్డవాళ్లందరినీ చూసి నవ్వుతూ ఉంటుంది.

భర్త జోసెఫ్‌ది మెదక్ వైపు. బాలానగర్‌లో ఓ కార్ఖానాలో లేతు మిషను మీద వయసంతా గడిపి, ఆ మధ్యే పని మానేసి ఇంటి పట్టున ఉంటున్నాడు. మహా సరదా మనిషి. అపార్టుమెంటులో ఎవరి మోటారు ఆగిపోయినా, ఎవరి తలుపు బిగుసుకుపోయినా తన స్క్రూడ్రైవర్ల పెట్టె పట్టుకుని తయారయ్యేవాడు. బాగు చేసినంతసేపూ కబుర్లే. అలాంటి మనిషికి ఎండాకాలం మొదట్లో ఓ ఉదయం పళ్లు తోముకుంటుండగా ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. అది చిన్న స్ట్రోకు. సుగుణ క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో చేర్పించింది కాబట్టి గండం గడిచింది. మాట పోలేదు. కాలు చాలావరకు తిరిగొచ్చి, కాస్త ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. చెయ్యి మాత్రం చెప్పిన మాట వినడం లేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. మొదటి కొన్ని నెలలే ముఖ్యమని, రోజూ ఫిజియోథెరపీ చేయిస్తే చెయ్యి వచ్చే అవకాశం ఉందని, ఆ కాలం దాటిపోతే తర్వాత ఎంత తంటాలు పడినా అంతగా ఫలితం ఉండదని. నర్సుగా ఇలాంటివాళ్లను ఎంతమందినో చూసిన సుగుణకు ఇది వేరే చెప్పక్కర్లేదు. దగ్గర్లో మంచి సెంటరు చూసి భర్తను తీసుకెళ్లింది. జోసెఫ్ కొన్నాళ్లు బుద్ధిగా వెళ్లాడు. ఓ రోజు అక్కడ పనిచేసే, తన కూతురి కన్నా చిన్న వయసున్న పిల్ల ఒకతె ఆయన ముందు గిన్నెలో రాజ్మా గింజలు పోసి, ఎడమ చేత్తో ఒక్కొక్కటీ తీసి పక్క గిన్నెలో వెయ్యమంది. వెంట్రుకవాసి తేడా రాకుండా ఇనుమును కోసిన వేళ్లవి. గింజ అందలేదు, అందినది జారిపోయింది. జారిపోయిన ప్రతిసారీ ఆ పిల్ల "వెరీ గుడ్ అంకుల్" అంది.

ఆ రోజు జోసెఫ్ ఇంటికొచ్చి, తనను బాలవాడిలో కూర్చోబెట్టారని, ఇక చచ్చినా వెళ్లనని చెప్పి, పడగ్గదిలో కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఎవరు బతిమాలినా మళ్లీ ఆ గడప తొక్కలేదు.

సుగుణ గుండెల్లో రాయి పడింది. నెలలు కరిగిపోతున్నాయని, కరిగినవి తిరిగి రావని ఆ ఇంట్లో అందరికన్నా ఆవిడకే బాగా తెలుసు. కానీ ఆ భయం తన మొహంలో కనబడితే ఆయన ఇంకా కుంగిపోతాడని ఆవిడ నమ్మింది. అందుకని ఇంట్లోకి సంతోషాన్ని బలవంతాన దించింది. పొద్దున లేవగానే గొంతెత్తి పాట. ఫ్రిజ్ తలుపు కనబడకుండా బైబిలు వాక్యాలు. కొండలెక్కిన వికలాంగుల వీడియోలు, కాళ్లతో బొమ్మలు వేసిన అమ్మాయిల వీడియోలు భోజనం ముందొకటి, తర్వాతొకటి.

ఆయన చెయ్యి బరువుగా ఉందంటే, బరువు తెలుస్తోందంటే నయమవుతున్నట్టేనండీ అనేది. రాత్రంతా నిద్ర పట్టలేదంటే, ప్రార్థనకు సమయం దొరికింది కదండీ అనేది. ఎవరైనా పలకరించడానికి ఫోను చేస్తే ఆయన గొంతు సవరించుకునే లోపే అందుకుని, బ్రహ్మాండంగా ఉన్నారని తనే చెప్పేసేది. పాపం, ఇదంతా ప్రేమతోనే. జోసెఫ్ మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత ఊ కొట్టాడు. ఆ తర్వాత ఏమీ చెప్పడమే మానేశాడు. ఆయన బాధ చెప్పడం మానేస్తే, బాధ తగ్గుతోందని సుగుణ అనుకుంది. ఒక్కోసారి మనం ఎంత తెలివైనవాళ్లమో!

కూతురు జెస్సికాకు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం. వారంలో సగం రోజులు ఇంట్లో హాలు మూలన కూర్చుని పని చేసుకుంటుంది. మీటింగు మీటింగుకూ మధ్య ఈ తతంగమంతా ఆ పిల్ల కళ్లబడుతూనే ఉంది. ఓ మధ్యాహ్నం హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టి తల్లిని పిలిచింది.

"మమ్మీ, నువ్వు డాడీని మ్యూట్‌లో పెట్టేశావు. ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. నీకే వినిపించట్లేదు."

సుగుణ నవ్వేసి, టీ పెట్టనా అని అడిగింది. జెస్సికా మళ్లీ హెడ్‌ఫోను తగిలించుకుంది.

ఇలా ఉండగా ఓ ఆదివారం వచ్చింది. వాళ్ల చర్చిలో ఆరాధన చివర సాక్ష్యాలకు కాస్త సమయం ఇస్తారు. ఆ వారం తమకు జరిగిన మేలు గురించి ఎవరైనా లేచి చెప్పవచ్చు. ఉద్యోగం వచ్చినవాళ్లు, పరీక్ష పాసైనవాళ్లు, స్కానింగులో గడ్డ లేదని తేలినవాళ్లు లేచి చెబుతారు. అందరూ చప్పట్లు కొడతారు. ఏ మేలూ జరగనివాళ్లు ఆ వేళకు చెప్పులు వెతుక్కునే పనిలో ఉంటారు. సుగుణ కూడా చెప్పుల వైపే చూస్తుంటే, పాస్టరు గారు వేదిక మీది నుంచి పేరు పెట్టి పిలిచి, సహోదరుడు జోసెఫ్ ఎలా ఉన్నారని అడిగారు.

సుగుణ లేచి నిలబడింది. "దేవుని కృప వల్ల పూర్తిగా బాగున్నారండి" అంది.

ఆ "పూర్తిగా" ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆవిడకు ఇప్పటికీ తెలియదు. రోజూ అనే మాటకు అది తోకలా వచ్చి అతుక్కుంది. మందిరమంతా చప్పట్లు. వెనక వరసలో ఓ పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. పాస్టరు గారి మొహం వెలిగిపోయింది. మరైతే కృతజ్ఞత కూడిక ఎప్పుడమ్మా అని అక్కడికక్కడే అడిగారు. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసి నయమైతే సంఘాన్ని ఇంటికి పిలిచి, పాటలు పాడి, జరిగిన మేలును సాక్ష్యంగా చెప్పి, కడుపునిండా భోజనం పెట్టడం వాళ్లలో ఆనవాయితీ. అయితే అది నయమయ్యాక చేసేది. చప్పట్లు ఇంకా ఆగలేదు. ఆ చప్పట్ల మధ్య సుగుణ నోటి నుంచి "వచ్చే శనివారం" అన్న మాట కూడా వచ్చేసింది.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కూర్చుని ఆవిడ తన పొరపాటుకు ఓ మంచి దారి వెతుక్కుంది. విశ్వాసమంటేనే కంటితో చూడకముందు నమ్మడం కదా, అలాంటప్పుడు కృతజ్ఞత ముందే చెబితే తప్పేముంది అనుకుంది. పైగా జోసెఫ్ నలుగురిలో తిరిగే మనిషి. ఇల్లంతా జనంతో కళకళలాడుతుంటే గదిలో ముడుచుకుని కూర్చోలేడు. లేచి వస్తాడు, నవ్వుతాడు, సోమవారం నుంచి ఫిజియోథెరపీకి కూడా వెళ్తాడు. ఆటో ఇంటి ముందు ఆగేసరికి ఆవిడకు ఇదంతా దేవుడే చేయించాడన్న నమ్మకం కుదిరిపోయింది. పప్పులో కాలేసి, ఆ పప్పు బాగా ఉడికిందని మురిసిపోవడమంటే ఇదే.

ఈ కబురు భర్తకు నిదానంగా, మంచి వేళ చూసి చెప్పాలనుకుంది. అయితే సంఘంలో స్త్రీల గ్రూపు ఒకటుంది. అందులో పడ్డ కబురు నిదానంగా నడిచిన దాఖలా లేదు. సహోదరుడు జోసెఫ్ గారి సంపూర్ణ స్వస్థత నిమిత్తం కృతజ్ఞత కూడిక అని, చుట్టూ పువ్వులతో, సోమవారం పొద్దున్నే ఆ కబురు ఫోన్లన్నీ తిరిగి బాలానగర్ దాకా వెళ్లింది. కార్ఖానాలో జోసెఫ్ పక్క మిషను మీద పనిచేసిన సైమన్ ఫోను చేసి, శుభం కదరా అని అభినందించాడు. ఆ ఫోను మాత్రం సుగుణ అందుకోలేకపోయింది. అప్పుడావిడ ఆఫీసు బస్సులో ఉంది.

సాయంత్రం ఇంటికి రాగానే జోసెఫ్ ఆవిడను గదిలోకి పిలిచాడు. అరవలేదు. అరిస్తేనే బాగుండేదని ఆవిడకు తర్వాత అనిపించింది.

"నాకు నయమైందంట సుగుణా. ఊరందరికి తెలుసు. నాకే తెల్వదు."

సుగుణ తడబడుతూ విశ్వాసం గురించి, ముందుగా చెప్పే కృతజ్ఞత గురించి, మనుషుల్లో పడితే కలిగే ఉత్సాహం గురించి చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు.

"నేను మీ ఆఫీసు పోస్టర్ల బొమ్మను గాను" అన్నాడు. "శనివారం నేను బయటికి రాను. నీ కూడిక నువ్వు చేసుకో."

ఆ తర్వాత ఆయన ఆవిడతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, మందులిస్తే వేసుకున్నాడు, అంతే. పెళ్లయిన ఇన్నేళ్లలో వాళ్లు కొట్లాడుకున్న రోజులు ఉన్నాయి గానీ, ఆయన కబుర్లు లేని రోజు ఒక్కటీ లేదు. ఆయన అంత బాధపడుతుంటే కూడికను ఆపేయమని జెస్సికా చెప్పింది. సుగుణకూ ఆపేయాలనే ఉంది. కానీ ఆపాలంటే పాస్టరు గారికి ఫోను చేసి, ఆయనకు నయం కాలేదు, నేను అబద్ధం చెప్పాను అనాలి. ఫోను చేతిలోకి తీసుకునేది, పెట్టేసేది. ఇంతవరకూ ఆవిడ భయమంతా చెయ్యి గురించే. ఇప్పుడు చేతితో పాటు మనిషి కూడా తనకు దక్కకుండా పోతాడేమోనన్న భయం పట్టుకుంది. ఆ వారమంతా ఆఫీసులో పిల్లలకు మాత్రలిచ్చేటప్పుడు కూడా ఆవిడ చెవుల్లో ఇంట్లోని నిశ్శబ్దమే ఉంది.

వాళ్ల ఇంటి కింది అంతస్తులో కనకలక్ష్మి ఉంటుంది. ఊరు పుట్టినప్పటి నుంచీ గోపన్‌పల్లివాళ్లే. ఈ అపార్టుమెంటు లేచింది ఆవిడ జొన్న చేలోనే. పొలం పోయాక పనిలేక గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ నిలేసి యోగక్షేమాలు కనుక్కోవడమే పనిగా పెట్టుకుంది. శుక్రవారం సాయంత్రం సుగుణ అద్దె కుర్చీలు దింపిస్తుంటే, సంగతేమిటని ఆరా తీసింది. విని ముక్కు మీద వేలేసుకుంది.

"మేము మొక్కు తీరినంకనే బోనమెత్తుతం. మీ దిక్కు ముందుగాల్నే ఎత్తుతరా సుగుణమ్మా?"

విశ్వాసం అక్కా అని సుగుణ నవ్వబోయింది. కనకలక్ష్మి నవ్వలేదు. మరి తమ్ముడు ఏమంటున్నాడని అడిగింది. బాగున్నారక్కా అంది సుగుణ.

"ఎట్లున్నడని అడగలే నేను. ఏమంటున్నడని అడిగిన" అంది కనకలక్ష్మి.

సుగుణ కుర్చీలు సర్దే నెపంతో లిఫ్టు ఎక్కేసింది.

శనివారం సాయంత్రం గుమ్మం బయట చెప్పులు గుట్టలుగా పడ్డాయి. హాల్లో కుర్చీలు చాలక దుప్పట్లు పరిచారు. పాస్టరు గారు, వాళ్ల భార్య జయంతమ్మ గారు, పాటల బృందం, స్త్రీల గ్రూపు మొత్తం, బాలానగర్ నుంచి సైమన్ వచ్చారు. ఎవరూ పిలవకపోయినా కనకలక్ష్మి వేడి వేడి సర్వపిండి పళ్లెంతో వచ్చి ఓ మూల చేరింది. అందరూ సోఫా మధ్యలో జోసెఫ్ కోసం ఖాళీగా ఉంచిన చోటు వైపు చూస్తున్నారు. సరిగ్గా మొదటి పాటకు ముందు పడగ్గది లోపలి గడియ పడిన చప్పుడు అందరికీ వినిపించింది.

తయారవుతున్నారండి అంది సుగుణ. పాట అయిపోయింది. వస్తారండి అంది. ఇంకో పాట అయిపోయింది. జెస్సికా వెళ్లి మెల్లగా తలుపు తట్టి, తల అడ్డంగా ఊపుతూ తిరిగొచ్చింది. బిర్యానీ గిన్నెలు వచ్చి వంటింట్లో దిగాయి. మసాలా వాసనకు పాటల బృందం గొంతు కాస్త తడబడింది. ఇక ఆగలేక పాస్టరు గారు, సహోదరుడు వచ్చేలోపు సుగుణమ్మ గారే సాక్ష్యం చెబుతారని ప్రకటించారు.

సుగుణ లేచి నిలబడింది. మొహాన నవ్వు అంతకుముందే సిద్ధంగా ఉంది. "దేవుని కృప వల్ల" అని మొదలుపెట్టింది. ఎప్పుడూ నీళ్లు తాగినంత సులువుగా వచ్చే మాట గొంతులో అడ్డం పడింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. ఎదురుగా మూసి ఉన్న తలుపు. ఆ తలుపు వెనక ఆయన వింటున్నాడని, తాను ఇంకొక్కసారి బాగున్నారంటే ఆ గడియ ఇక తీయడని ఆవిడకు తెలిసిపోయింది.

"మా ఆయనకు నయం కాలేదండి" అంది. "చెయ్యి రాలేదు. ఆదివారం మీ అందరికీ నేను అబద్ధం చెప్పాను."

పాటల బృందంవాళ్లు డప్పును మెల్లగా కింద పెట్టారు.

"నాకు భయంగా ఉందండి. ఆ చెయ్యి ఇక రాదేమోనని భయం. ఆఫీసులో పిల్లలకు ధైర్యం చెప్పి, బస్సెక్కి, కిటికీ వైపు తిరిగి ఏడుస్తాను. ఇంటికొచ్చే ముందు మొహం తుడుచుకుని పాట అందుకుంటాను. ఆయన బాధ చెప్పబోతే వినే ధైర్యం లేక నోరు మూయించాను. ధైర్యం చెబుతున్నానని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. నాకు చాలా అలసటగా ఉందండి."

అని కూర్చుండిపోయింది. ఎక్కడ కూర్చుందో కూడా చూసుకోలేదు. అది పాటల బృందం డప్పు పక్కన పరిచిన దుప్పటి. పాస్టరు గారు నోరు తెరిచారు. ఎంతటి సందర్భానికైనా జేబులో వాక్యం ఉండే ఆయనకు ఆ క్షణాన ఒక్కటీ దొరకలేదు. కనకలక్ష్మి కొంగుతో కళ్లొత్తుకుంది.

అప్పుడు గడియ తీసిన చప్పుడైంది.

జోసెఫ్ లుంగీ బనియన్ల మీద, కాలు ఈడ్చుకుంటూ, ఎడమ చెయ్యి పక్కన వేలాడుతూ బయటికొచ్చాడు. అంతమందిలో ఆయన ఎవరినీ చూడలేదు. తిన్నగా భార్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇన్ని దినాలు నాకొక్కనికే భయమైతుందనుకున్ననే సుగుణా" అన్నాడు.

ఆవిడ తల పైకెత్తింది.

"నువ్వు పాటలు పాడుకుంట తిరుగుతుంటే నీకేం ఫికర్ లేదనుకున్న. నేనే పిరికోన్నని సిగ్గయింది. ఏడుపొస్తే నాకు చెప్పొద్దా? ఇద్దరం కలిసి ఏడ్సేటోళ్లం గదా."

సుగుణకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ ఒకేసారి చేసింది. ఆయన సైమన్ భుజం పట్టుకుని అదే దుప్పటి మీద ఆవిడ పక్కన కూలబడ్డాడు. ఆ కూర్చోవడం అంత అందంగా ఏమీ లేదు. అయినా జెస్సికా ఆ దృశ్యాన్ని కళ్లార్పకుండా చూసింది.

తర్వాత జోసెఫ్ మాట్లాడాడు. ఎవరూ అడక్కుండానే, చాలా రోజులుగా లోపల దాచుకున్నదంతా చెప్పాడు. నిద్రలో ఎవరిదో చెయ్యి తన మీద పడిందని ఉలిక్కిపడి లేస్తే అది తన చెయ్యే అవుతుందన్నాడు. గింజలు పట్టుకోలేకపోయినప్పటి కన్నా, వెరీ గుడ్ అన్నప్పుడు ఎక్కువ ఏడుపొచ్చిందన్నాడు. అన్నిటికన్నా, ఎవరు పలకరించినా తన గొంతు తనకే వినబడకుండా పోయిందన్నాడు. అలా అంటూ భార్య వైపు చూశాడు గానీ ఆ చూపులో కోపం లేదు. మధ్యలో అంతా సర్దుకుంటుందని అనబోయి, సుగుణ రెండుసార్లు పెదవి కరుచుకుంది.

ఆ కూడిక ఆ తర్వాత ఎవరూ అనుకోని దారి పట్టింది. జయంతమ్మ గారు గొంతు సవరించుకుని, తనకూ కొన్నాళ్లుగా పొద్దున మంచం దిగబుద్ధి కావడం లేదని, పాస్టరు భార్య ఆ మాట అంటే బాగుండదని ఎవరితోనూ అనలేదని చెప్పింది. పాస్టరు గారు ఆశ్చర్యంగా భార్యను చూసి, ఆ ఊపులో తనకు షుగరు ఉన్న సంగతి, ఇంటింటి కూడికల్లో స్వీట్లు వద్దనలేకపోతున్న సంగతి ఒప్పేసుకున్నారు. ఈ రెండో సంగతి ఆయన భార్యకూ అప్పుడే తెలిసింది. ఆవిడ ఆయన వైపు చూసిన చూపుకు పాటల బృందం మొత్తం గొల్లున నవ్వింది. కనకలక్ష్మి, తెల్లవారుజామున లేస్తే పిండడానికి బర్రె లేదు, పోవడానికి చేను లేదు, ఏం చేయాలో తోచక గేటు కాడ కూర్చుంటున్నానని చెప్పి కాసేపు ఏడ్చింది. ఆ వెంటనే కళ్లు తుడుచుకుని, బిర్యానీ సల్లారిపోతున్నది, దేవునికి జర జల్దీ చెప్పుండ్రి అంది. పాస్టరు గారు లేచి తన జీవితంలోకెల్లా పొట్టి ప్రార్థన చేశారు. ప్రభువా, మేము అంత బాగాలేము, నీకు తెలుసు, ఆమేన్ అన్నారు.

బిర్యానీ చల్లారింది. అయినా ఎవరూ మిగల్చలేదు. వెళ్లేటప్పుడు గుమ్మం బయట చెప్పులు వెతుక్కుంటూ కూడా జనం ఒకరి కష్టాలు ఒకరు అడిగి చెప్పుకుంటూనే ఉన్నారు. లిఫ్టు దగ్గర పెద్ద నవ్వులు వినిపించాయి.

సోమవారం పొద్దున జోసెఫ్ ఫిజియోథెరపీకి బయలుదేరాడు. వెళ్లే ముందు ఒక షరతు పెట్టాడు. చేతకానప్పుడు చేతకాలేదనే అనాలి, వెరీ గుడ్ అనకూడదు, సుగుణ కూడా అనకూడదు. ఈ షరతు ఆయనే ఆ సెంటరు పిల్లకు చెబితే, ఆ పిల్ల పడీ పడీ నవ్వి, సరే అంకుల్, ఇది మాత్రం చాలా చెత్తగా చేశారు అందట. దానికి జోసెఫ్ మురిసిపోయాడు. ఇన్నాళ్లకు మేస్త్రీ లాంటి మేస్త్రీ దొరికిందని సైమన్‌కు ఫోను చేసి మరీ చెప్పాడు. పోయిన నెలలు పోయాయి. మిగిలినవాటిలో ఎంత వస్తే అంత అని ఆయనే అనుకున్నాడు. కొన్ని రోజులు విసుగొచ్చి మళ్లీ వెళ్లనని భీష్మించాడు కూడా. అలాంటి రోజున సుగుణ పాట అందుకోకుండా పక్కన కూర్చుని, నాకూ విసుగ్గానే ఉందండి అనేది. ఇద్దరూ కాసేపు చెయ్యిని తిట్టుకునేవారు. ఆ తర్వాత ఆయనే చొక్కా తెమ్మనేవాడు.

వానాకాలం మొదలయ్యాక ఓ ఆదివారం ఉదయం, ఎండ కాసిన కాసేపట్లో ఇద్దరూ బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నారు. బట్టలకు క్లిప్పులు పెట్టడం ఇప్పుడు జోసెఫ్ పని. ఎడమ చేత్తో క్లిప్పు నొక్కి, తీగ మీది బట్టకు పెట్టాలి. సుగుణ తువ్వాలు పరుస్తుంది, ఆయన పళ్లు బిగించి క్లిప్పుతో కుస్తీ పడతాడు. ఆ రోజు వరసగా రెండు చొక్కాలకు నిలిచాయి. మూడో క్లిప్పు వేళ్లలోంచి టప్పున ఎగిరి, కిటికీ రేకు మీద పడి, కింద గేటు పక్కన కూర్చున్న కనకలక్ష్మి కాళ్ల ముందు పడింది.

కనకలక్ష్మి దాన్ని తీసి చూసి, తల పైకెత్తింది. సుగుణ రెయిలింగు పట్టుకుని వంగింది.

"తమ్మి చెయ్యి ఎట్లున్నది సుగుణమ్మా?" అని అడిగింది.

సుగుణ నోరు తెరిచింది. రోజూ వచ్చే మాట నాలుక చివరి దాకా వచ్చి నిలబడింది. ఆవిడ పక్కకు జరిగి భర్తకు చోటిచ్చింది.

"ఆయన్నే అడగండక్కా" అంది.

జోసెఫ్ రెయిలింగు మీద కుడి చెయ్యి ఆనించి ముందుకు వంగాడు. "ఇయ్యాల మంచిగ లేదక్కా" అని మొదలుపెట్టాడు. నిన్న జర నయముండెనని, ఇవాళ లేవగానే వేళ్లు బిగుసుకున్నాయని, ఏ వేలు వింటోందో, ఏది వినడం లేదో, మధ్యవేలు ఎంత మొండిదో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. కింద కనకలక్ష్మి కుర్చీ ఇటు తిప్పుకుని తీరిగ్గా కూర్చుంది. సుగుణ తడి తువ్వాలు చేతిలో పట్టుకుని, మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం పడకుండా, ఆయన చెప్పినదంతా చివరిదాకా వింది.